పాత జిప్సీ కొన్నాక డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 2012 మోడల్ మారుతి జిప్సీ, హార్డ్ టాప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఉండేది విశాఖలో, సముద్రానికి దగ్గర్లో. సెలవుల్లో పాడేరు, చింతపల్లి, లంబసింగి వైపు మట్టి రోడ్లలో తిరగాలని ఉంది. చేతిలో లక్షన్నర ఉంది. లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను), 235 టైర్లు (వెడల్పు 235 మి.మీ.), ఎల్‌ఈడీ బార్, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), స్నార్కెల్ (ఇంజిన్‌కి గాలి పై నుంచి అందించే గొట్టం) అన్నీ రాసి, వీటిలో ఏది ముందు వేయించాలి, ఏవి ఇంట్లోనే చేసుకోవచ్చు అని అడిగారు.

వీటిలో ఏదీ ముందు వద్దు. ముందు ఆ బండిని కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఉన్న స్థితికి తీసుకురండి. లక్షన్నరలో సగమైనా దానికే పక్కన పెట్టండి. జిప్సీ బరువు దాదాపు ఒక టన్ను. ముందూ వెనకా గట్టి యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే ఇరుసు), నాలుగు మూలలా కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు), కింద 210 మి.మీ. ఖాళీ, ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) 2.268 లో రేంజ్, అంటే వేగం తగ్గించి బలం పెంచే గేరు. మీరు చెప్పిన రోడ్లకి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. ఘాట్‌లో జిప్సీ ఆగిపోయిందంటే లిఫ్ట్ లేక ఆగినది నేను దాదాపు చూడలేదు. క్రాస్ (షాఫ్టు కీలు) విరిగో, బేరింగ్ పోయో, రేడియేటర్ వేడెక్కో, ఏళ్ల తరబడి ఎవరూ తెరవని హౌసింగ్‌లో (యాక్సిల్ మధ్య గేర్లుండే గుండ్రటి పెట్టె) నీళ్లు చేరో ఆగుతాయి. ఇవన్నీ ఇంటి ముందు, మామూలు పానాలతో, ఆదివారాల్లో చూసుకోదగ్గ పనులే.

పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట. బండితో వచ్చిన జాకీని నమ్మి కిందకి దూరొద్దు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఒక జత గట్టి జాక్ స్టాండ్లు కొనండి. గచ్చు నేల మీద, ఛాసిస్ కిందో యాక్సిల్ కిందో పెట్టండి. నేల మీద ఉన్న చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. హాలో బ్రిక్స్ మీద బండి నిలబెట్టేవాళ్లని చాలామందిని చూశాను. ఆ ఇటుక ముందు పగుళ్లు చూపించదు, ఒక్కసారిగా పిండి అవుతుంది. ఈ ఒక్క విషయంలో పొదుపు చేయొద్దు.

మొదటి ఆదివారం ఆయిల్స్ పని పెట్టుకోండి. ఇంజిన్ ఆయిల్ అందరూ మారుస్తారు, మిగతా నాలుగు చోట్లే మర్చిపోతారు: గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు హౌసింగ్, వెనక హౌసింగ్. సుమారుగా గేర్‌బాక్స్‌కి 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకి 0.8, ముందు హౌసింగ్‌కి 2, వెనకదానికి 1.5 పడుతుంది. అసలు కొలత మాత్రం పక్కన ఉండే ఫిల్ రంధ్రమే. బండి సమంగా నిలబడి ఉండగా అక్కడి నుంచి ఆయిల్ బొట్లుగా కారడం మొదలైతే సరిపోయినట్టు. హౌసింగ్‌లలో జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 పోయండి. గేర్‌బాక్స్‌లో జీఎల్-4 మాత్రమే. జీఎల్-5లో ఉండే కొన్ని రసాయనాలు సింక్రోనైజర్ల (గేరు సాఫీగా పడేలా చేసే రింగులు) ఇత్తడిని మెల్లగా తినేస్తాయి. షాపతను "రెండూ ఒకటే సార్" అన్నా ఒప్పుకోకండి.

ఒక క్రమం తప్పొద్దు. ముందు పై ఫిల్ బోల్టు విప్పండి, ఆ తర్వాతే కింది డ్రెయిన్ బోల్టు. పాత బండ్లలో పై బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. కిందది ముందే విప్పేసి ఆయిల్ అంతా పోయాక పైది రాకపోతే, బండి కదిలే వీలు లేకుండా ఇంటి ముందే ఉండిపోతుంది.

పాత ఆయిల్‌ని శుభ్రమైన ట్రేలో పట్టి వెలుతురులో చూడండి. నల్లగా ఉంటే ఫర్వాలేదు, వయసైపోయిందంతే. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి సన్నటి ఇనుప పొడి అంటుకుని ఉన్నా మామూలే. మెరిసే రేకు ముక్కలు కనబడితే లోపల పళ్లు అరుగుతున్నాయని అర్థం. ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. అలాంటప్పుడు కొత్త ఆయిల్ పోసి, కొన్ని కిలోమీటర్లు నడిపి, మళ్లీ వంపేసి ఇంకోసారి పోయాలి. ఒక్కసారి మార్చితే గోడలకి పట్టిన నీరు పోదు.

ఆ నీళ్లు ఎలా చేరాయన్నదే అసలు విషయం. ఘాట్ ఎక్కుతున్నంతసేపూ హౌసింగ్ వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచించి పైనున్న బ్రీదర్ (గాలి పోయే చిన్న రంధ్రం) గుండా బయటికి పోతుంది. వెంటనే మీరు ఒక చల్లటి వాగులో దిగుతారు. హౌసింగ్ చల్లబడి లోపలి గాలి కుంచించుకుపోతుంది, బయటి నుంచి గాలి పీల్చాలని చూస్తుంది. బ్రీదర్ బురదతో మూసుకుపోయి ఉంటే యాక్సిల్ సీలు నుంచో, పినియన్ సీలు (షాఫ్టు హౌసింగ్‌లోకి వెళ్లే చోటిది) నుంచో లాగుతుంది. ఆ క్షణంలో సీలు బయట ఉన్నది గాలి కాదు, వాగు నీళ్లు. బ్రీదర్ తెరిచే ఉన్నా అది నీళ్లలో మునిగి ఉంటే అక్కడి నుంచే తాగుతుంది.

దీనికి మందు చాలా చవక. బ్రీదర్ దగ్గర మంచి పెట్రోలు రబ్బరు పైపు తొడిగి, క్లిప్పు వేసి, బ్రేకు పైపు వెళ్లే దారి వెంబడే పైకి తీసుకెళ్లండి. ముందుది ఇంజిన్ గదిలో బ్యాటరీకంటే ఎత్తులో, వెనకది టెయిల్ ల్యాంపు ఎత్తులో ఆపి, చివరను కిందికి వంచి చిన్న పెట్రోలు ఫిల్టర్ పెట్టండి. యాక్సిల్ పూర్తిగా కిందికి జారినప్పుడు పైపు బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచండి. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసులకీ బ్రీదర్లు ఉంటాయి, వాటికీ ఇదే పని. నన్నడిగితే జిప్సీకి వేసే మొదటి అప్‌గ్రేడ్ ఇదే. స్నార్కెల్ ఫొటోలో బాగుంటుంది, ఈ పైపు ఎవరికీ కనబడదు. మీరు వెళ్లే వాగుల్లో పనికొచ్చేది మాత్రం పైపే.

తర్వాత ముందు చక్రాల ఊపు పరీక్ష. 60 వేగం దగ్గర స్టీరింగ్ వణుకుతోందని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది అదే. ముందు యాక్సిల్‌ని స్టాండ్ల మీద పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. లటక్కున కొట్టుకుంటే ఇంట్లో ఎవరినైనా బ్రేకు గట్టిగా తొక్కి పట్టమనండి, మళ్లీ ఊపండి. ఇప్పుడు ఆట (వదులు) మాయమైతే అది వీల్ బేరింగ్. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే ఇరుసు) బేరింగ్. బ్రేకు పట్టినప్పుడు హబ్బూ (చక్రం బిగించే భాగం) నకుల్ (హబ్బుని మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే భాగం) ఒకటైపోతాయి కాబట్టి, మిగిలిన ఆట నకుల్‌కీ యాక్సిల్‌కీ మధ్యదే అవుతుంది. చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు ఆట వస్తే టై రాడ్ ఎండ్లు (ముందు చక్రాలు రెంటినీ కలిపే కడ్డీ చివరి కీళ్లు), స్టీరింగ్ బాక్సు చూడాలి.

ఈ వణుకు వచ్చినప్పుడు చాలామంది స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపు అణిచే షాక్ అబ్జార్బర్) మార్చేస్తారు. కొన్నాళ్లు తగ్గుతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. కింగ్‌పిన్‌కి పైనా కిందా రెండు చిన్న బేరింగులుంటాయి, వాటి బిగుతు పల్చటి షిమ్‌లతో (రేకు బిళ్లలతో) సరిచేస్తారు. బేరింగులు అరిగాయో, షిమ్ ఎక్కువైందో, వణుకు అక్కడ మొదలవుతుంది. అదే చోట ఇంకొకటి కూడా చూడండి. నకుల్ వెనక గుండ్రటి గోళం చుట్టూ రబ్బరు, ఫెల్టు సీళ్లు ఉంటాయి. అక్కడి నుంచి చిక్కటి గ్రీజు కాకుండా పల్చటి నల్ల ద్రవం కారుతుంటే, లోపలి యాక్సిల్ సీలు పోయి హౌసింగ్ ఆయిల్ గ్రీజులో కలుస్తోందన్నమాట. ఇది విప్పితే ఒక పూట పని, చేతులు మోచేతుల దాకా గ్రీజు అవుతాయి. అయినా ఇంట్లో చేసుకోవచ్చు. ఒకసారి విప్పాక సీలు, కింగ్‌పిన్ బేరింగులు, వీల్ బేరింగ్ గ్రీజు అన్నీ కలిపి చేసేయండి.

జిప్సీకి ప్రొపెల్లర్ షాఫ్టులు (ఇంజిన్ బలాన్ని చేరవేసే తిరిగే కడ్డీలు) మూడు. గేర్‌బాక్స్ నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకి ఒక పొట్టిది, అక్కడి నుంచి ముందుకొకటి, వెనక్కొకటి. ఆ పొట్టిదాన్ని మెకానిక్కులు కూడా వదిలేస్తుంటారు. ప్రతి క్రాస్‌కీ గ్రీజు గన్ను పెట్టి కొట్టండి, నాలుగు కప్పుల అంచుల్లోంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా. మూడింటిలోంచి వచ్చి నాలుగోదాంట్లోంచి రాకపోతే ఆ క్రాస్ రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టే. నిపుల్ (గ్రీజు కొట్టే మూతి) లేని క్రాసులైతే షాఫ్టు పట్టుకుని తిప్పి ఆట చూడడం ఒక్కటే దారి. షాఫ్టు విప్పేటప్పుడు రెండు ఫ్లాంజిల (బోల్టులతో కలిసే పళ్లేల) మీదా పెయింటుతో గీత గీయండి, తిరిగి అదే గీతకి కలపండి. వాగు దాటి వచ్చిన ప్రతిసారీ ఇంటికి రాగానే గ్రీజు కొట్టడం అలవాటు చేసుకుంటే క్రాసులు చాలా కాలం వస్తాయి.

కమాను కట్టల సంగతి. జిప్సీ నడ్డి విరిచేస్తుందని అందరూ అంటారు. ఆ మాట నిజమే కానీ సగం కుదుపు తుప్పు వల్ల వస్తుంది. పట్టీల మధ్య తుప్పు పేరుకుని ఒకదాని మీద ఒకటి జారవు, అప్పుడు పట్టీలన్నీ కలిసి ఒకే దిమ్మలా పనిచేస్తాయి. కట్టలు దింపి, పట్టీలు విడదీసి, వైరు బ్రష్షుతో రుద్ది, గ్రాఫైట్ గ్రీజు పల్చగా రాసి బిగించండి. రబ్బరు బుష్‌లు కొత్తవి వేయండి. రబ్బరుకి మాత్రం ఆయిల్, గ్రీజు తగలనివ్వొద్దు, ఉబ్బిపోతుంది. ఇక్కడ అందరూ మర్చిపోయేది ఒకటుంది: షాకిల్ (కట్ట చివరను ఛాసిస్‌కి కలిపే లింకు) బోల్టులు చివరిగా బిగించాల్సింది బండి చక్రాల మీద నిలబడ్డాక. గాల్లో ఉండగా బిగిస్తే, కిందికి దింపగానే రబ్బరు మెలి తిరిగి అలాగే ఉండిపోయి నెలల్లో చిరిగిపోతుంది. యూ బోల్టులు (కట్టను యాక్సిల్‌కి పట్టి ఉంచేవి) మొదటి మట్టి రోడ్డు ప్రయాణం తర్వాత మళ్లీ ఒకసారి బిగించి చూడండి. పట్టీ విరిగి ఉన్నా, కట్ట వాలిపోయి ఉన్నా ఇంట్లో కుదరదు. లారీల కమాన్లు కొట్టే షాపుకి తీసుకెళ్లండి, వాళ్ల చేతి పని బాగుంటుంది.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు పాత యజమాని చూపించలేకపోతే మార్చేయండి. బ్రేకు ఫ్లూయిడ్ మొత్తం తీసి కొత్తది పోయండి, రెండేళ్లకొకసారి. వెనక డ్రమ్ములు తెరిచి బురద పొడి బ్రష్షుతో తీయండి. రేడియేటర్ రెక్కల్లో గడ్డి గింజలు, ఎర్రమట్టి ఇరుక్కుంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి మామూలు పైపుతో నీళ్లు కొట్టండి, ప్రెషర్ గన్ను పెడితే రెక్కలు వంగిపోతాయి. ఎయిర్ ఫిల్టర్ కాగితందే వాడండి, మన దుమ్ముకి అదే సరి. జిప్సీ అమ్మకాలు ఆగిపోయాయని స్పేర్ల గురించి టెన్షన్ పడొద్దు. ఇంజిన్ ఎస్టీమ్ కుటుంబానిదే కాబట్టి చాలా సామాన్లు దొరుకుతాయి.

తుప్పు గురించి మాత్రం తొందరపడి చెప్పలేను, ఎందుకంటే మీరు సముద్రం దగ్గర ఉన్నారు. డ్రైవర్ కాళ్ల కింది మ్యాట్ ఎత్తి చూడండి. కమాను కట్టలు ఛాసిస్‌కి తగిలే చోట, బాడీ మౌంట్ల కింద, వెనక తలుపు కీళ్ల దగ్గర స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖణేల్ మంటే మంచిది, బొదబొదమంటే లోపల తినేసింది. అండర్‌బాడీ కోటింగ్ కొట్టించమని ఎవరైనా అంటే ముందే ఒప్పుకోకండి. తుప్పు మీద నల్ల కోటింగ్ వేస్తే ఉప్పూ తేమా లోపలే ఉండిపోయి, కంటికి కనబడకుండా ఇనుము పోతుంది. ముందు గీకి, తుప్పు కన్వర్టర్ రాసి, ప్రైమర్ వేసి, ఆరాకే కోటింగ్. ఛాసిస్ పెట్టెల అడుగున నీరు కారిపోవడానికి రంధ్రాలుంటాయి, వాటిని తీగతో పొడిచి తెరిచి ఉంచండి. ఇక దయచేసి బండిని బీచ్ ఇసుకలోకి దింపొద్దు. ఉప్పునీళ్లు బండిని తినేస్తాయన్నది ఒక సంగతి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం అది, చక్రాల కింద ఏముందో మనకి కనబడదు.

ఇంత అయ్యాక టైర్లకి వద్దాం. కంపెనీ సైజు 205/70 ఆర్15, అంటే ఎత్తు సుమారు 668 మి.మీ. మీరడిగిన 235/75 ఆర్15 అయితే దాదాపు 734. పది శాతం తేడా. దానివల్ల హౌసింగ్ కింద పెరిగే ఖాళీ అందులో సగమే, 33 మి.మీ. బదులుగా పోయేది చాలా ఉంది. ఈ ఇంజిన్ పూర్తి టార్క్ (తిప్పే బలం) 4500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, కింద బలం తక్కువ. టైరు పెరిగిన మేర గేరింగ్ పెరుగుతుంది కాబట్టి, నిటారు ఎక్కుడులో ఫస్టు గేరులో క్లచ్ కాల్చుకుంటూ ఎక్కాల్సి వస్తుంది. మీటరు 80 చూపిస్తుంటే అసలు వేగం దాదాపు 88 ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు రాసుకుంటుంది. పైగా 235కి కనీసం 6 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి, జిప్సీ అసలు రిమ్ము అంతకంటే సన్నం.

మధ్యే మార్గం 215/75 ఆర్15 ఆల్ టెర్రెయిన్ (ఏటీ, అన్ని రకాల రోడ్లకీ సరిపడే టైరు). అయిదు శాతం తేడాతో పోతుంది, మీ రిమ్ముకి సరిపోతుంది. మడ్ టెర్రెయిన్ (ఎంటీ, బురద కోసం చేసిన టైరు) వద్దు. పాడేరు వైపు ఎర్రమట్టి, గులకరాళ్లు, మధ్యలో తారు, వీటన్నిటికీ ఏటీ చాలు. రోజూ నల్లరేగడి పొలాల్లో వానాకాలం తిరిగేవాళ్లకైతే ఎంటీ చెప్పేవాడిని, ఎందుకంటే ఆ మట్టి ఏటీ టైరు గాడుల్ని నింపేసి వదలదు.

టైరుకంటే గాలి ముఖ్యం. రాళ్ల మట్టి రోడ్డులో 18 నుంచి 20 పీఎస్‌ఐకి తగ్గించండి. టైరు నేలని ఎక్కువ పట్టుకుంటుంది, కుదుపు తగ్గుతుంది, రాయి కోసే ప్రమాదం కూడా తగ్గుతుంది. బురదలో, ట్యూబ్‌లెస్ అయితే 15 దాకా వెళ్లొచ్చు, వేగం మాత్రం నడక కంటే కాస్త ఎక్కువ, అంతే. ట్యూబ్ టైర్లయితే 18 కంటే దిగొద్దు. టైరు రిమ్ము మీద జారి ట్యూబు మూతి తెగిపోతుంది. తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి, అందుకని మంచి గేజీ, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టే కంప్రెసర్ కొనండి. లైటర్ సాకెట్‌కి పెట్టేవి ఫ్యూజు కొట్టేస్తాయి.

లిఫ్ట్ ఇప్పట్లో వద్దు. పొడుగు షాకిళ్లు వేస్తే యాక్సిల్ కోణం తిరిగి క్యాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది, స్టీరింగ్ తిన్నగా నిలవదు. మీ బండికి ఇప్పటికే వణుకుంది. కమాను కట్టను యాక్సిల్ మీదకి మార్చే పద్ధతిలో ఎత్తు బాగా పెరుగుతుంది కానీ డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు వెళ్లే కడ్డీ) కోణం, బ్రేకు పైపుల పొడుగు, షాఫ్టు కోణాలు అన్నీ మార్చాలి, వెల్డింగ్ పని ఉంటుంది. అది ఇంటి ముందు చేసే పని కాదు. వించ్ కూడా ఆగొచ్చు. ఇంకో బండితో కలిసి వెళ్లండి, ఛాసిస్‌కి బోల్టుతో బిగించిన గట్టి హుక్కులు ముందూ వెనకా ఉంచుకోండి, రేటింగ్ రాసి ఉన్న స్ట్రాపు, దాన్ని హుక్కుకి తగిలించే ఇనుప షాకిళ్లు తీసుకోండి. టో బాల్‌కి (వెనక ట్రైలర్ తగిలించే గుండుకి) తగిలించి ఎప్పుడూ లాగొద్దు. అది తెగితే గుండులా దూసుకొస్తుంది. లాగేటప్పుడు మిగతావాళ్లని దూరంగా నిలబెట్టండి.

ఎల్‌ఈడీ బార్ కంటే ముందు హెడ్‌లైట్లకి రిలే (బ్యాటరీ కరెంటు నేరుగా బల్బుకి పంపే స్విచ్) వేయండి. ఇంజిన్ ఆన్‌లో ఉండి హెడ్‌లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర, బల్బు సాకెట్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. పాత వైరింగ్‌లో ఒకటిన్నర, రెండు వోల్టులు దారిలోనే పోతుంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో మందపాటి వైరు, రిలే, కొత్త ఎర్త్ వేస్తే అదే బల్బు కొత్తదానిలా వెలుగుతుంది.

ఫోర్ వీల్ వాడకం గురించి కూడా చెప్పాలి. ఇందులో మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్టుల్ని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) లేదు. పొడి తారు మీద 4హెచ్‌లో (మామూలు వేగాలకి ఫోర్ వీల్) నడిపితే మలుపులో ముందూ వెనకా చక్రాలు వేర్వేరు దూరం తిరగలేక షాఫ్టుల్లో మెలి బిగుస్తుంది. లివర్ రాకపోతే బలంగా లాగొద్దు, తిన్నగా కొంచెం రివర్సు చేస్తే వదులుతుంది. 4ఎల్‌లోకి (లో రేంజ్ ఫోర్ వీల్) బండి ఆపి మార్చండి. నెలకొకసారైనా మట్టి మీద 4హెచ్ వేసి కాస్త నడపండి, వాడకపోతే లివర్లూ సీళ్లూ బిగుసుకుపోతాయి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే చెప్పింది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. బుల్ బార్లు కూడా ఈ సెక్షన్‌కి విరుద్ధమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. మీ బండి 2012ది, 2027లో ఆర్‌సీ రెన్యువల్‌కి ఫిట్‌నెస్ చూపించాలి. ఏ మార్పు చేసినా బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. బ్రీదర్ పైపు, బుష్‌లు, రిలే, గ్రీజు లాంటి వాటికి ఈ గొడవ లేదు. అడవిలో ఉన్న దారిలోనే నడపండి, వాగు వెంబడి నీళ్లలో బండి నడిపించొద్దు. కింద ఊళ్లవాళ్లు తాగేది ఆ నీళ్లే.

ఈ వారం ఊపు పరీక్ష చేసి, బ్రేకు తొక్కినప్పుడు ఆట పోయిందో ఉందో, రెండు హౌసింగ్‌ల ఆయిల్ ఏ రంగులో వచ్చిందో రాయండి. కింగ్‌పిన్ అని తేలితే నకుల్ విప్పే వరస, షిమ్‌లు చూసుకునే పద్ధతి వివరంగా చెబుతాను. అది తేలేదాకా ఆ బండిని 50 దాటించకండి.